రాయని చావును యంత్రం చదవగలదా?

మా బడి పాత హాజరు పట్టీలో ఒక పేరు మీద ఎర్ర సిరా గీత ఉంది. ఆ వరుస చివర "దీర్ఘకాల గైర్హాజరు" అని రాసి ఉంది. రాసింది మేమే.

ఆ పిల్లవాడిది మూడో తరగతి. వాడు బడి మానేయలేదు. ఆగస్టులో ఒక సంత రోజున తల్లి చెయ్యి పట్టుకుని వాగు దాటుతూ కొట్టుకుపోయాడు. తల్లి ఒడ్డుకు చేరింది, వాడు చేరలేదు. మర్నాడు దిగువన చెట్టు వేళ్ల దగ్గర దొరికాడు. పోలీసులకు చెబితే శవాన్ని కోస్తారని, మైదానానికి మోసుకుపోవాలని ఊరివాళ్లు భయపడ్డారు. సాయంత్రానికల్లా పూడ్చిపెట్టారు. మేమూ ఆ గుంట దగ్గర నిలబడ్డాం. ఎవరికీ ఏమీ చెప్పలేదు. నెలాఖరున పట్టీ నింపేటప్పుడు "మరణం" అని రాస్తే పత్రం అడుగుతారని తెలుసు. పత్రం లేదు. అందుకని ఎవరూ ప్రశ్న వేయని మాట ఒకటి వెతికి రాశాం.

పదకొండేళ్లు గడిచాయి. ఈ మధ్య మా ఊరి కుర్రాడొకడు, పట్నంలో కంప్యూటరు చదువు చదివేవాడు, సెలవులకు వచ్చి ఒక సంగతి చెప్పాడు. అంబులెన్సు సిబ్బంది రాసే నివేదికల్లోంచి నీట మునిగిన కేసులను మెషీన్ లెర్నింగ్‌తో గుర్తుపడుతున్నారట. లక్షల నివేదికలను యంత్రమే చదువుతుందట. చెప్పడం అయ్యాక వాడు అడిగాడు: "మాస్టారూ, మనవాగులో పోయిన పిల్లాణ్ణి ఆ యంత్రం కనిపెట్టగలదా?"

అప్పుడు జవాబు చెప్పలేకపోయాం. ఆ జవాబు కోసమే ఈ వ్యాసం.

ముందు ఆ యంత్రం ఏం చేస్తుందో తెలుసుకుందాం. తెలియకుండా మెచ్చుకోవడమూ తప్పే, తిట్టడమూ తప్పే.

అంబులెన్సు వెళ్లిన ప్రతిచోటా సిబ్బంది ఒక నివేదిక రాస్తారు. అమెరికాలో ఇలాంటి నివేదికలను దేశమంతటి నుంచి ఒకచోట చేర్చే నెమ్సిస్ అనే వ్యవస్థ ఉంది. ఏటా కోట్ల నివేదికలు అందులో చేరతాయి. నివేదికలో రెండు భాగాలుంటాయి. ఒకటి గడులు: వయసు, ఊపిరి, నాడి, జబ్బు కోడు. రెండోది సిబ్బంది తమ మాటల్లో రాసే వివరం. మునిగిన మనిషిని బయటికి తీసేసరికి గుండె ఆగి ఉండొచ్చు. అప్పుడు గడిలో "గుండె ఆగింది" అని పడుతుంది. నీటి సంగతి కింద రాసిన రెండు ముక్కల్లో ఎక్కడో ఉంటుంది. గడులను మాత్రమే లెక్కపెట్టేవాళ్లకు అది గుండె జబ్బులాగే కనబడుతుంది.

కోట్ల వివరాలను మనుషులు కూర్చుని చదవలేరు. అందుకని మొదట మనుషులు కొన్ని వేలు చదివి, ఇది మునక, ఇది కాదు అని గుర్తు పెడతారు. ఆ గుర్తులను చూసి యంత్రం నేర్చుకుంటుంది. మనం ఒకటో తరగతి పిల్లలకు 'అ' అంటే ఏమిటో సూత్రం చెప్పం. పదిచోట్ల చూపిస్తాం, పదకొండోచోట వాళ్లే పోలుస్తారు. యంత్రం పని కూడా దాదాపు అంతే. ఏ మాట పక్కన ఏ మాట వస్తే మునక అయ్యే అవకాశం ఎక్కువో లెక్కగట్టి, చదవని నివేదికకు ఆ లెక్క వేస్తుంది.

ఇందులో చిక్కులున్నాయి. ఇంగ్లీషులో ఈత కొలనునూ పూల్ అంటారు, రక్తపు మడుగునూ పూల్ అంటారు. మన తెలుగులోనూ మడుగు అనే మాట రెంటికీ వాడతాం. ఆ ఒక్క మాటను పట్టుకుని వెతికితే కత్తిపోటు తిన్నవాడు కూడా మునిగినవాళ్ల లెక్కలోకి వస్తాడు. చుట్టూ ఉన్న మాటలను కూడా చూడడం నేర్చుకున్న యంత్రానికి ఈ తేడా కొంత తెలుస్తుంది.

రెండో చిక్కు లెక్కలది. పిల్లలకు నల్లబల్ల మీద చేసి చూపించదగిన లెక్క ఇది. ఒకచోట 10,000 నివేదికలున్నాయనుకుందాం. అందులో మునక కేసులు 20 అనుకుందాం. ఒక సోమరి యంత్రం ఏదీ చదవకుండా "ఇందులో మునకలే లేవు" అంది. 9,980 నివేదికల విషయంలో అది చెప్పింది నిజం. అంటే 99.8 శాతం సరైన యంత్రం! కానీ అది ఒక్క బిడ్డనూ చూడలేదు. ఇంకో యంత్రం 20 లో 18 పట్టుకుంది, ఇంకో 30 నివేదికలను పొరపాటున చూపింది. శాతాల్లో అది సోమరి యంత్రం కన్నా కొంచెం వెనకబడుతుంది. కానీ మనిషి 10,000 బదులు 48 చదివితే చాలు, 18 మంది కనబడతారు. మనకు ఏ యంత్రం కావాలి?

దీన్ని లెక్కల ప్రశ్న అనుకుంటాం గాని, ఇది నీతి ప్రశ్న. ఎక్కువమంది విషయంలో సరిగ్గా ఉండి, కొద్దిమందిని పూర్తిగా వదిలేసినా మంచి మార్కులు తెచ్చుకోవచ్చని ఆ సోమరి యంత్రం చూపిస్తోంది. కొండ మీద ఉండే మనకు ఇది కొత్త సంగతి కాదు. జిల్లా మొత్తానికి 99 శాతం బాగుందని చెప్పిన చాలా నివేదికల్లో మనం ఆ మిగిలిన ఒక శాతమే.

అసలు మునక అంటే ఏమిటన్న దానిమీద కూడా ప్రపంచంలో చాలాకాలం ఒక మాట లేదు. 2002లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన ప్రపంచ సభలో ఒక నిర్వచనం కుదిరింది. నీటిలోగాని మరే ద్రవంలోగాని మునగడం వల్ల ఊపిరికి ఇబ్బంది కలిగే క్రమాన్ని మునక అనాలి. చనిపోయినా, బతికి దెబ్బతిన్నా, ఏ దెబ్బా లేకుండా బయటపడినా మునక మునకే. బయటపడినవాళ్లను కూడా లెక్కించాలన్నది అందులోని మంచి. అయితే చావులకు వాడే అంతర్జాతీయ కోడ్ల పుస్తకం ఐసీడీ-10లో నీటి చావు ముక్కలుముక్కలుగా ఉంది. ప్రమాదవశాత్తు మునిగితే డబ్ల్యూ65 నుంచి డబ్ల్యూ74. పడవ ప్రమాదమైతే వి90, వి92. వరదలో పోతే ఎక్స్38. తనంతట తాను దూకితే ఎక్స్71. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సుమారు 3,00,000 మంది మునిగి చనిపోయారని చెప్పింది. అందులో నాలుగో వంతు దాకా అయిదేళ్ల లోపు పిల్లలు. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా పేద, మధ్య ఆదాయ దేశాలవాళ్లు. పడవ ప్రమాదాలు, వరదలు, ఆత్మహత్యలు పక్క గడుల్లో పడిపోతాయి కాబట్టి అసలు సంఖ్య ఇంకా ఎక్కువ ఉంటుందని ఆ సంస్థే ఒప్పుకుంటుంది.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగింది. ఆ పడవ గురించి అందరికీ తెలుసు, రోజుల తరబడి వార్తల్లో ఉంది. అంతకుముందు ఏడాది మేలో దేవీపట్నం దగ్గర లాంచీ మునిగినప్పుడు అందులో ఉన్నవాళ్లు ఎక్కువగా మన కొండల జనమే. అదే గోదావరి, అదే ఊపిరాడని చావు. కోడ్ల పుస్తకంలో అవి రెండూ ప్రయాణ ప్రమాదాలు. మన వాగులో పోయిన పిల్లవాడిది వరదా, ప్రమాదమా? ఏ గడిలో వేస్తారు? ఏ గడిలోనూ వేయలేదు.

అమెరికా సంగతి ఎత్తాం కాబట్టి అక్కడి ఆదివాసుల గురించి కూడా చెప్పాలి. ఆ దేశంలో 1 నుంచి 4 ఏళ్ల పిల్లల చావులకు మొదటి కారణం నీట మునగడం. జాతులవారీగా చూస్తే మునక చావుల రేటు అందరికన్నా ఎక్కువ అమెరికన్ ఇండియన్లలో, అలాస్కా ఆదివాసుల్లో. ఇంత యంత్రాంగం, ఇన్ని అంబులెన్సులు ఉన్నచోట కూడా ఎక్కువగా మునిగేది మొదటినుంచీ ఆ నీళ్ల పక్కన ఉన్నవాళ్లే. ఇంకో సంగతి. అక్కడ చనిపోయిన ఆదివాసులను మరణ పత్రాల్లో చాలాసార్లు తెల్లవాళ్లుగానో మరొకరుగానో రాసేస్తారని వాళ్ల ప్రభుత్వ అధ్యయనాలే తేల్చాయి. కాగితం నింపేవాడు ముఖం చూసి ఊహించి రాస్తాడు. అంటే పైన చెప్పిన ఎక్కువ రేటు కూడా తగ్గించి చెప్పిన రేటే కావచ్చు. తప్పుగా రాసిన కాగితాన్ని యంత్రానికి ఇస్తే అది తప్పునే శ్రద్ధగా నేర్చుకుంటుంది.

అయితే లెక్క వల్ల మేలు కూడా జరిగింది. అలాస్కాలో పడవ ప్రయాణాల్లో పిల్లలు పోతున్నారని తెలిశాక 1996లో "కిడ్స్ డోంట్ ఫ్లోట్" అనే కార్యక్రమం మొదలైంది. పిల్లలు వాటంతట తేలరు అని ఆ మాటకు అర్థం. రేవుల దగ్గర బల్లలు పెట్టి వాటికి లైఫ్ జాకెట్లు తగిలించారు. ఎవరికి కావాలంటే వాళ్లు వేసుకుని వెళ్లి, తిరిగొచ్చి తగిలించేయాలి. ఖర్చు తక్కువ, బుద్ధి ఎక్కువ.

ఇక మన వైపు చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవలు 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన సేవ అది, కాదనలేం. కానీ ఆ బండి రోడ్డు ఉన్నంతవరకే వస్తుంది. రోడ్డు ఆగినచోట నుంచి మనది డోలీ. డోలీ మోసినవాళ్లు నివేదిక రాయరు. వాగు పొంగిన రోజున డోలీ కూడా కదలదు. కాబట్టి అంబులెన్సు నివేదికలను ఎంత గొప్ప యంత్రం చదివినా, అది చదివేది రోడ్డు పక్క ఊళ్ల కష్టాన్నే. ఆ లెక్క పటంలో మన కొండలు తెల్లగా, ప్రమాదమే లేనట్టు కనబడతాయి. అది చూసిన అధికారి ఇక్కడ సమస్య లేదని అనుకుంటే అతని తప్పు కొంతే. ఖాళీ గడికి రెండు అర్థాలుంటాయి: ఏమీ జరగలేదు, ఎవరూ రాయలేదు. యంత్రానికి ఆ రెంటికీ తేడా తెలియదు.

ఇది ఆసుపత్రి కాగితాలకూ వర్తిస్తుంది. 2020లో దేశంలో నమోదైన చావుల్లో కారణాన్ని వైద్యుడు ధృవీకరించినవి సుమారు 22.5 శాతమే. బంగ్లాదేశ్ దీన్ని ఇంకో దారిలో దాటింది. అక్కడ 2003లో ఇంటింటికీ తిరిగి ఆరోగ్య, గాయాల సర్వే చేశారు. ఏడాది దాటిన పిల్లలను ఎక్కువగా చంపుతున్నది జ్వరాలూ విరోచనాలూ కాదు, ఇంటి పక్క చెరువులని అప్పుడు తేలింది. ఆసుపత్రి రిజిస్టర్లలో ఆ పిల్లలు కనబడలేదు, ఎందుకంటే మునిగిన బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లేదాకా ఏదీ మిగలదు. సర్వే తర్వాతే అమ్మలు పనిలో ఉండే పొద్దుటి వేళల్లో చిన్న పిల్లలను ఒకచోట చూసుకునే "ఆంచల్" కేంద్రాలు, పెద్ద పిల్లలకు ఈత నేర్పే పని ఊపందుకున్నాయి. మన దేశంలో సుందరబన్స్‌లో కూడా ఇంటింటికీ వెళ్లి అడిగితేనే పిల్లల మునక చావులు బయటపడ్డాయి.

ఇక్కడ మా పెద్దలలో కొందరు వేసే ప్రశ్నకు జవాబు చెప్పాలి. "లెక్కలు దేనికి మాస్టారూ? ఎక్కడ మునుగుతారో మాకు తెలీదా? వంతెన కట్టమనండి." ఈ మాటలో న్యాయం ఉంది. తెలిసిన చావును మళ్లీ మళ్లీ లెక్కించడం పని వాయిదా వేసే ఉపాయం కాకూడదు. అయినా వంతెన కోసం కాగితం పట్టుకుని వెళ్లిన ప్రతిసారీ మొదట అడిగేది "ఎంతమంది పోయారు, రుజువేది?" అనే. మాకు తెలుసు అన్నది ఆ గదిలో చెల్లదు. మనకు తెలిసినదాన్ని వాళ్లు కాదనలేని రూపంలో పెట్టడమే రాత.

ఇంకో భయం ఇంకా లోతైనది. లెక్కలోకి రావడం అంటే చేతికి చిక్కడం కూడా. మన చావుల జాబితా తీసి "ఈ జాతివాళ్లు పిల్లలను పట్టించుకోరు" అని ఎవరైనా రాస్తే? అడవి నుంచి, నది ఒడ్డు నుంచి లేపేయడానికి దాన్నే కారణంగా చూపిస్తే? ఈ భయం ఊరికే పుట్టింది కాదు. లోకంలో ఆదివాసులు దీనికి ఒక జవాబు వెతికారు. తమ సమాచారం మీద తమకే హక్కు ఉండాలని 2019లో కేర్ సూత్రాలు ప్రకటించారు. సమష్టి ప్రయోజనం, అదుపు చేసే అధికారం, బాధ్యత, నీతి అన్నవి ఆ నాలుగు. మన దగ్గర 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు మాట చెల్లే స్థానం ఇచ్చింది. మన చావుల లెక్కను ఎవరు తీసినా ముందు గ్రామసభకు చెప్పాలని, తేలినదాన్ని తిరిగి తెచ్చి మన భాషలో చదివి వినిపించాలని అడిగే హక్కు మనకు ఉండాలి. లెక్క తీసుకుపోయినవాడు లైఫ్ జాకెట్టయినా తేకపోతే అది చదువు పేరుతో జరిగిన దోపిడీ.

మరి ఇంత చెప్పాక యంత్రం మంచిదా చెడ్డదా? మాకు తోచింది ఇది. యంత్రం చదివేది ఒక చెయ్యి రాసినదాన్ని. ఆ చెయ్యి రాసేది ఒక కన్ను చూసినదాన్ని. కన్ను చూసేది అది వెళ్లినచోటును. న్యాయం ఈ వరుసలో చివరన ఉన్న యంత్రం దగ్గర మొదలవదు, మొదట ఉన్న కన్ను దగ్గర మొదలవుతుంది. యంత్రం నిర్లక్ష్యం చేసిందని అనే ముందు రాయాల్సినవాళ్లు రాశారా అని అడగాలి. ఆ ప్రశ్న మొదట మాకే తగులుతుంది. ఆ పిల్లవాడు రోడ్డు లేక లెక్క తప్పలేదు. కలం చేతిలో ఉన్న పంతులు పక్కనే ఉండి లెక్క తప్పాడు. మేము రాసిన "దీర్ఘకాల గైర్హాజరు"ను రేపు ఏ యంత్రమైనా చదివితే బడి మానేసిన పిల్లల లెక్కలో వేస్తుంది. అప్పుడు అధికారులు తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదని ఉపన్యాసం ఇస్తారు. ఒక తల్లి దుఃఖాన్ని ఆమె మీద నేరంగా మార్చింది మా ఎర్ర గీత.

కోయ పల్లెల్లో చనిపోయినవారి పేరిట రాయి నిలబెట్టే ఆచారం ఉంది. ఒక మనిషికి ఒక రాయి. అంకెలో మనిషి కలిసిపోతాడు, రాయిలో విడిగా నిలబడతాడు. రాత రెండు పనులూ చేయాలి: అధికారికి అంకె కావాలి, మనకు పేరు మిగలాలి. ఒకదాని కోసం రెండోదాన్ని వదులుకోనక్కర్లేదు.

అందుకని తోటి ఉపాధ్యాయులకూ చదువుకున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ కొన్ని మాటలు. ఊరికో పుస్తకం పెట్టండి. ఎవరైనా నీటిలో పోతే, లేదా మునిగి బతికితే, తేదీ, వేళ, ఏ రేవు, ఏం చేస్తుండగా, ఎవరు తీశారు అన్నవి రాయండి. "గుండె ఆగి పోయాడు" అని ముగించకండి, అందరి గుండే ఆగుతుంది. చావును 21 రోజుల్లోగా నమోదు చేయించండి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్లాలి. కంప్యూటరు చదివేవాళ్లు వేరే దేశపు ఇంగ్లీషుతో నేర్చుకున్న యంత్రానికి "వాగులో పడ్డాడు" అంటే తెలియదని గుర్తుంచుకోండి, దానికి మన మాటలు నేర్పే పని మీది. పిల్లలకు ఈత నేర్పండి. మునిగేవాడి కోసం దూకే ముందు వెదురు గడో తాడో అందించాలని నేర్పండి. బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీసి, కడుపు నొక్కి సమయం పోగొట్టవద్దని, ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి అందించాలని, ఆ పద్ధతి తెలిసినవాళ్ల దగ్గర ముందే నేర్చుకోవాలని చెప్పండి.

ఈ వ్యాసం రాసే ముందు ఆ తల్లి దగ్గరకు వెళ్లాం. పదకొండేళ్ల కిందట మేము రాసినదేమిటో చెప్పాం. తప్పు ఒప్పుకున్నాం. పట్టీలో నిజం రాయమంటావా అమ్మా అని అడిగాం. ఆమె చాలాసేపు ఇప్పపూలు ఏరుతూనే ఉంది. తర్వాత అంది: "రాయండి మాస్టారూ. పెద్ద బండ కింద రేవులో అని కూడా రాయండి. ఇప్పటికీ అక్కడే దాటుతున్నారు."

మర్నాడు బీరువాలోంచి పాత పట్టీ తీశాం. పాత మాటను చెరపలేదు, దాని కింద నల్ల సిరాతో రాశాం: సంతకు వెళ్తూ పెద్ద బండ కింద రేవులో వాగు దాటుతూ నీట మునిగి మరణం. ఆనాటి తేదీ, సరిదిద్దిన తేదీ వేసి సంతకం చేశాం. ఆ వాక్యం నకలు వంతెన కోసం పెట్టే అర్జీకి జత చేసి, వచ్చే గ్రామసభలో చదవడానికి సిద్ధం చేశాం.

ఆ కుర్రాడికి ఇప్పుడు జవాబు చెప్పగలం. మన పిల్లాణ్ణి ఆ యంత్రం కనిపెట్టగలదా అని అడిగావు కదా నాయనా. నిన్నటిదాకా కనిపెట్టలేదు. తప్పు దానిది కాదు, మాది. ఇవాళ్టి నుంచి, దానికి చదవడం వస్తే, కనిపెడుతుంది.